కారు గండికోటలో.. ఇంజిన్ రాత ఇంకెక్కడో! ఆన్‌లైన్ రీమ్యాప్‌తో పవర్ సరే.. తేడా వస్తే జవాబు చెప్పేదెవరు?

వీకెండ్ వచ్చిందంటే గండికోట రోడ్డు మీద కార్ల వరసే. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు వెళ్తే చాలు.. కోట, ఆ వెనకే పెన్నా లోయ. బెంగళూరు నుంచి దాదాపు 280 కిలోమీటర్లే కావడంతో తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024 నవంబరులో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. అంటే ముందుముందు ఈ దారిలో బండ్లు ఇంకా పెరిగేవే తప్ప తగ్గేవి కావు.

ఈ లాంగ్ డ్రైవ్ సరదాతో పాటే కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లలో ఇంకో మాట కూడా పాకుతోంది. అదే ఆన్‌లైన్ రీమ్యాప్. బండిని గ్యారేజీలో వదలక్కర్లేదు. బానెట్ కూడా ఎత్తక్కర్లేదు. కారు ఇంటి ముందే ఉంటుంది. దాని ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడో కోయంబత్తూరులోనో, యూరప్‌లోనో కూర్చున్న మనిషి మార్చేస్తాడు. పిక్ అప్ పెరుగుతుంది, ఓవర్‌టేక్ ఈజీ అవుతుంది, కొందరైతే మైలేజీ కూడా పెరుగుతుందని చెబుతారు.

రీమ్యాప్ చేయించుకున్న బండి కనబడితే తోటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న.. "ఫైల్ ఎవరిది?" వాళ్లు అడిగేది బ్రాండ్ కోసం. కానీ ఇదే ప్రశ్నను ఆర్టీఏ అధికారి, ఇన్సూరెన్స్ సర్వేయర్, రేపు ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనే డ్రైవర్ అడిగితే? అప్పుడు జవాబు దొరకడం కష్టం. అసలు చిక్కు అక్కడే ఉంది.

అసలేంటీ రీమ్యాప్?

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ తొక్కితే డీజిల్ నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లదు. మీ కాలు ఎంత నొక్కిందో ఒక సెన్సర్ చూసి ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్. గాలి ఎంత వస్తోంది, ఎంత వేడిగా ఉంది, ఇంజిన్ ఎంత స్పీడ్‌లో తిరుగుతోంది.. ఇవన్నీ చూసుకుని ఎంత ఇంధనం చిమ్మాలి, ఎప్పుడు చిమ్మాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అనేది అదే తేలుస్తుంది. ఈ లెక్కలన్నీ దాని లోపల పట్టికల రూపంలో ఉంటాయి. వాటినే మ్యాప్‌లు అంటారు. ఆ అంకెలు మార్చడమే రీమ్యాప్.

టర్బో ఉన్న ఇంజిన్లలో ఒక్క పార్ట్ కూడా మార్చకుండా, సాఫ్ట్‌వేర్‌తోనే 20 శాతం వరకు పవర్ పెంచడం సాధ్యమే. ఉదాహరణకు 116 పీఎస్ ఇచ్చే డీజిల్ ఇంజిన్ 139 పీఎస్ దాకా వెళ్లొచ్చు. దీన్నే ట్యూనర్లు 'స్టేజ్ 1' అంటారు. టర్బో లేని చిన్న పెట్రోల్ కార్లలో మాత్రం పెరిగేది చాలా తక్కువ.

ఆన్‌లైన్‌లో ఎలా చేస్తారు?

• స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టేది అందులోనే. దానికి ఒక పరికరం తగిలించి ల్యాప్‌టాప్‌కో, ఫోన్‌కో కలుపుతారు.

• ఈసీయూలో ఉన్న ఒరిజినల్ ఫైల్‌ను చదివి, ఇంటర్నెట్‌లో ట్యూనర్‌కు పంపుతారు.

• ట్యూనర్ తన కంప్యూటర్‌లో మ్యాప్‌లు మార్చి కొత్త ఫైల్ వెనక్కి పంపుతాడు.

• అదే పరికరంతో కొత్త ఫైల్‌ను ఈసీయూలోకి ఎక్కిస్తారు. కొందరు ట్యూనర్లు రిమోట్ యాప్‌తో కస్టమర్ ల్యాప్‌టాప్‌లోకి వచ్చి ఈ పనంతా తామే చేస్తారు.

వినడానికి ఫోన్‌లో యాప్ వేసుకున్నంత సులువు. కానీ ఫైల్ ఎక్కేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా, వైరు కదిలినా ఈసీయూ మొరాయించొచ్చు. అప్పుడు బండి స్టార్టే కాదు. దూరంగా ఉన్న ట్యూనర్ చేయగలిగేది పెద్దగా ఉండదు. ఈసీయూ విప్పి బాగుచేసే నిపుణుడి దగ్గరికి బండిని లాక్కెళ్లాల్సిందే.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఈ పరికరాల్లో మాస్టర్, స్లేవ్ అని రెండు రకాలున్నాయి. స్లేవ్ పరికరం ఉన్న మెకానిక్ ఫైల్ తీయగలడు, తిరిగి ఎక్కించగలడు, అంతే. లోపల ఏం మార్చారో అతనికి కనిపించదు, ఎందుకంటే ఆ ఫైల్ లాక్ అయి ఉంటుంది. అంటే మీ కళ్ల ముందు పని చేసిన మెకానిక్‌కే మీ బండిలో ఏం మారిందో తెలియకపోవచ్చు.

కంపెనీ ఆ పవర్ ఎందుకు దాచుకుంది?

'కంపెనీయే కావాలని పవర్ తగ్గించి అమ్ముతోంది' అనే మాట తరచూ వింటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. రాయలసీమలో అందరికీ తెలిసిన స్కార్పియోనే తీసుకోండి. స్కార్పియో-ఎన్ 2.2 లీటర్ల డీజిల్‌లో కింది వేరియంట్లకు 132 పీఎస్, పై వేరియంట్లకు 175 పీఎస్ అని కంపెనీ ప్రకటించింది. ఇది చూసినవాళ్లకు 'తేడా అంతా సాఫ్ట్‌వేర్‌లోనే ఉందిగా' అనిపించడం సహజం.

కానీ కంపెనీ లెక్క ఒక్క ఇంజిన్‌తో ఆగదు. క్లచ్, గేర్‌బాక్స్, టర్బో, కూలింగ్, పొగను శుభ్రం చేసే భాగాలు.. ఇవన్నీ ఏళ్ల తరబడి తట్టుకోవాలి. మంచి డీజిల్ దొరికినా, నాసిరకం దొరికినా నడవాలి. కాశ్మీర్ చలిలోనూ, సీమ ఎండలోనూ నడవాలి. అందుకే కొంత మార్జిన్ వదులుతుంది. రీమ్యాప్‌లో మనం వాడుకునేది ఆ మార్జిన్‌నే. అది కొత్తగా పుట్టుకొచ్చిన పవర్ కాదు, రేపటి కోసం దాచిన బలాన్ని ఈరోజే ఖర్చు పెట్టడం.

సీమ ఎండ లెక్క వేరు

కడప, కర్నూలు జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు మామూలే. తారు రోడ్డు మీద అయితే బానెట్‌లోకి వెళ్లే గాలి ఇంకా వేడిగా ఉంటుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో ఆక్సిజన్ సుమారు 6 శాతం తక్కువ. ఆక్సిజన్ తగ్గినా డీజిల్ అంతే చిమ్మితే పూర్తిగా మండదు. నల్ల పొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, టర్బో మీద భారం పడుతుంది. టర్బో పెట్రోల్ ఇంజిన్‌లో అయితే ఇంధనం టైముకు ముందే అంటుకుని లోపల కొట్టుకోవడం మొదలవుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. అది ఎక్కువైతే పిస్టన్లే దెబ్బతింటాయి.

కంపెనీ మ్యాప్‌లలో దీనికి జాగ్రత్తలు ఉంటాయి. వేడి హద్దు దాటితే ఈసీయూ తనంతట తానే పవర్ తగ్గిస్తుంది. పవర్ కోసం రాసిన కొన్ని ఫైళ్లలో ఈ హద్దులనే పైకి జరుపుతారు. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాన్లు, ఫుల్ ఏసీ.. మే నెల మధ్యాహ్నం కొండ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఆ హద్దు అవసరం తెలుస్తుంది.

ట్యూనర్లందరినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. మంచి ట్యూనర్ అయితే ఫైల్ పంపి చేతులు దులుపుకోడు. బండిని రోడ్డు మీద నడిపించి, టర్బో ప్రెషర్, గాలి వేడి, ఎగ్జాస్ట్ వేడి లాంటి రీడింగ్‌లు రికార్డు చేయించి తెప్పించుకుంటాడు. వాటిని చూసి మళ్లీ సరిచేస్తాడు. ఒక్కో బండికి ఇలా నాలుగైదు సార్లు కూడా ఫైల్ మారొచ్చు. రేస్ ట్రాక్ మీద నడిపే కార్లకు ఇది మామూలు పని. సమస్య ఎక్కడంటే.. అదే మోడల్ కదా అని ఒకరికి రాసిన ఫైల్‌నే పదిమందికి అమ్మేవాళ్లు కూడా ఇదే ఇంటర్నెట్‌లో ఉన్నారు. కస్టమర్‌కు ఇద్దరి మధ్య తేడా కనిపెట్టే దారి లేదు.

పొగ సంగతి ఎవరు చూస్తారు?

దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రూల్స్ అమల్లోకి వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి రెండో దశ మొదలైంది. బండి ల్యాబ్‌లోనే కాకుండా రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా ఎంత కాలుష్యం వదులుతోందో చూడటం ఈ దశ ఉద్దేశం. ఇందుకోసమే డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఈజీఆర్ లాంటివి ఉంటాయి.

డీపీఎఫ్ నిండితే లైట్ వెలుగుతుంది. మార్చాలంటే ఖర్చు బాగానే అవుతుంది. దీంతో ట్యూనింగ్ మార్కెట్‌లో ఇంకో సర్వీస్ పుట్టుకొచ్చింది. డీపీఎఫ్ ఆఫ్, ఈజీఆర్ ఆఫ్. అంటే సాఫ్ట్‌వేర్‌లో వాటిని పనిచేయకుండా చేసి, వార్నింగ్ లైట్ కూడా రాకుండా ఆపేయడం. బండి హాయిగా నడుస్తున్నట్టే ఉంటుంది. మసి మాత్రం వెనకాల వచ్చేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మరి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట దొరకదా? మన దగ్గర ఆ టెస్టులో డీజిల్ బండికి చూసేది ప్రధానంగా పొగ సాంద్రత. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు. ఈసీయూలో ఏ ఫైల్ ఉందో కూడా చూడరు. అందుకే ఈజీఆర్ ఆపేసిన బండి కూడా పాసై వెళ్లిపోయే అవకాశం ఎక్కువ.

ఇది చిన్న విషయం అనుకుంటే అమెరికా లెక్క చూడాలి. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం.. సుమారు పదేళ్లలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో కాలుష్య నియంత్రణ వ్యవస్థలను తొలగించారు. దానివల్ల అదనంగా గాల్లో కలిసే నైట్రోజన్ ఆక్సైడ్లు 5.7 లక్షల టన్నులకు పైనే అని అంచనా వేశారు.

సాఫ్ట్‌వేర్‌తో మోసం చేసింది చిన్న గ్యారేజీలే కాదు. 2015 సెప్టెంబరులో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ కుంభకోణం గుర్తుందిగా? టెస్ట్ జరుగుతోందని ఈసీయూ కనిపెట్టి, అప్పుడు మాత్రమే కాలుష్యం తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ పెట్టింది. ప్రపంచవ్యాప్తంగా కోటి పది లక్షల కార్లు. మన దేశంలోనూ 3,23,700 కార్లను రీకాల్ చేస్తామని ప్రకటించారు. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ రూ.500 కోట్ల జరిమానా వేసింది. దానిపై కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లగా.. బలవంతపు చర్యలు వద్దని కోర్టు చెప్పింది.

కంపెనీలు కూడా దూరం నుంచే మారుస్తున్నాయిగా?

ఇది న్యాయమైన ప్రశ్నే. 2018లో టెస్లా మోడల్ 3 బ్రేకింగ్ దూరం ఎక్కువగా ఉందని అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ తప్పుపట్టింది. కొన్ని రోజుల్లోనే కంపెనీ ఇంటర్నెట్‌లో అప్‌డేట్ పంపింది. అదే కారు అంతకుముందు కన్నా 19 అడుగుల ముందే ఆగింది. సర్వీస్ సెంటర్ గడప తొక్కకుండానే! 2022లో మెర్సిడెస్ అయితే అమెరికాలో తన ఎలక్ట్రిక్ కార్లకు ఏడాదికి 1,200 డాలర్లు కడితే పికప్ పెంచుతామంది.

మన రాయలసీమలోనే ఒక ఉదాహరణ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కియా కారెన్స్. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందేమోనని 2022 అక్టోబరులో 44,174 కార్లను కంపెనీ రీకాల్ చేసింది. అవసరమైన వాటికి ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తామంది.

కంపెనీ చేసినా, బయటి ట్యూనర్ చేసినా మారేది సాఫ్ట్‌వేరే. తేడా ఏంటంటే.. కంపెనీ మార్చినప్పుడు ఎన్ని బండ్లో లెక్క ఉంది. ఎందుకు మార్చారో ప్రకటన ఉంది. తేడా వస్తే నిలదీయడానికి ఒక అడ్రస్ ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న ఫైల్‌కు ఈ మూడూ ఉండవు.

దూరం నుంచి బండిలోకి వెళ్లే దారి తెరిచి ఉంటే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. 2015లో ఇద్దరు అమెరికన్ నిపుణులు రోడ్డు మీద వెళ్తున్న జీప్ చెరోకీని ఇంటి నుంచే కంట్రోల్ చేసి చూపించారు. ఆ దెబ్బకు 14 లక్షల వాహనాలను రీకాల్ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు, సైబర్ భద్రతకు ఐక్యరాజ్యసమితి స్థాయిలో రూల్స్ వచ్చాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నింటికీ అవి తప్పనిసరి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం.. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఆర్‌సీలో హార్స్‌పవర్ వివరం ఉంటుంది. రీమ్యాప్‌తో అది పెరిగితే కాగితం మీద ఒక బండి, రోడ్డు మీద ఇంకో బండి అయినట్టే కదా!

శిక్ష విషయానికొస్తే సెక్షన్ 182ఏ ఉంది. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రూల్స్‌కు విరుద్ధంగా బండిని మార్చిన తయారీదారు, డీలర్ లాంటివాళ్లకైతే ఏడాది వరకు జైలు, లేదా బండికి లక్ష జరిమానా, లేదా రెండూ.

ఈ జాబితాను ఇంకోసారి చూడండి. ఓనర్ ఉన్నాడు. తయారీదారు ఉన్నాడు. డీలర్ ఉన్నాడు. వేరే రాష్ట్రంలోనో, వేరే దేశంలోనో కూర్చుని ఫైల్ రాసి మెయిల్ చేసే మనిషి గురించి సూటిగా లేదు. తీసుకున్న డబ్బు అతనిది, మిగిలిన రిస్క్ మాత్రం ఓనర్‌ది.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఫోన్ యాప్, క్లౌడ్ ద్వారా ట్యూనింగ్ ఫైళ్లు బండ్లలోకి చేరేలా చేస్తోందంటూ ఈజీ లింక్ అనే సంస్థపై అమెరికా ప్రభుత్వం 2021 మార్చిలో న్యూయార్క్‌లో కేసు వేసింది. ఫైళ్లు రాసేది వేరేవాళ్లు, మాది వేదిక మాత్రమే అన్నది ఆ సంస్థ వాదన. 2024లో కింది కోర్టు ఆ కేసు కొట్టేసింది. 2025లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును తప్పుపట్టి కేసును మళ్లీ తెరిచింది. 'ఫైల్ ఎవరిది?' అనే ప్రశ్నకు అక్కడి కోర్టులే ఇన్నేళ్లు తలపట్టుకుంటున్నాయి.

అదే అమెరికాలో ఇంకో కోణం కూడా ఉంది. బండి కొన్నవాడికి దాని సాఫ్ట్‌వేర్‌ను రిపేర్ కోసం ముట్టుకునే హక్కు ఉండాలని 2015లో కాపీరైట్ మినహాయింపు ఇచ్చారు. కాలుష్యం, భద్రత రూల్స్ మాత్రం పాటించాల్సిందే. 'నా బండి నా ఇష్టం' అనే వాదనలో న్యాయం ఎంతవరకో ఈ హద్దు చెబుతుంది. ఇంజిన్ మీదే, గాలి మాత్రం అందరిదీ.

అసలు నష్టపోయేది ఎవరు?

రీమ్యాప్ చేయించుకున్న మొదటి ఓనర్‌కు కనీసం విషయం తెలుసు. పవర్ ఎంజాయ్ చేస్తాడు, రెండు మూడేళ్లకు అమ్మేస్తాడు. అమ్మే ముందు ఒరిజినల్ ఫైల్ తిరిగి ఎక్కిస్తే బయటికి ఏమీ కనిపించదు. కానీ క్లచ్, టర్బో అప్పటికే తిన్న దెబ్బ తిరిగి రాదు.

ఆ బండిని కొనేది ఎవరు? అప్పు చేసి ట్రావెల్స్ పెట్టుకునే డ్రైవర్ కావొచ్చు. ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో ఉండి గండికోట, బెలూం గుహలు, యాగంటి తిప్పి కిస్తీలు కట్టుకునే మనిషి కావొచ్చు. అతనికి టర్బో పోయిందంటే ఆ నెల సంపాదన పోయినట్టే. వారంటీ ఉంది కదా అని వెళ్తే, ఈసీయూలో పాత రీమ్యాప్ ఆనవాళ్లు బయటపడితే క్లెయిమ్ తిరస్కరించొచ్చు. యాక్సిడెంట్ అయితే చెప్పని మార్పు ఉందంటూ ఇన్సూరెన్స్ కంపెనీ ఓన్ డ్యామేజ్ క్లెయిమ్‌పై పేచీ పెట్టొచ్చు. ఫైల్ రాసినవాడి పేరు కూడా అతనికి తెలియదు.

సెకండ్ హ్యాండ్‌లో టర్బో డీజిల్ కొనేవాళ్లు ఈ జాగ్రత్తలు తీసుకుంటే మంచిది

• ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో ఈసీయూ స్కాన్ చేయించండి. ప్రతి సాఫ్ట్‌వేర్‌కు ఒక కాలిబ్రేషన్ నంబర్, దాన్ని సరిచూసే కోడ్ ఉంటాయి. కంపెనీ రికార్డుతో అవి కలుస్తున్నాయో లేదో అడగండి.

• కొన్ని కంపెనీల ఈసీయూలు ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ ఎక్కించారో కూడా గుర్తుపెట్టుకుంటాయి. ఆ లెక్క, సర్వీస్ హిస్టరీ పక్కపక్కన పెట్టి చూడండి.

• టాప్ గేర్‌లో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ స్పీడ్ పెరిగి బండి అంతగా ముందుకు కదలకపోతే క్లచ్ జారుతున్నట్టు. నల్ల పొగ వస్తుంటే అనుమానించాల్సిందే.

• 'ఈ బండికి రీమ్యాప్ గానీ, డీపీఎఫ్ ఆఫ్ గానీ చేయించలేదు' అని అమ్మేవాళ్లతో రాయించుకోండి. రేపు గొడవ వస్తే ఆ కాగితమే ఆధారం.

ప్రభుత్వం చేయాల్సింది ఏంటి?

మన దేశంలోనూ వాహనాల సైబర్ భద్రతకు ఏఐఎస్-189, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు ఏఐఎస్-190 అనే ప్రమాణాలు రూపొందించారు. అవి ప్రధానంగా కంపెనీల కోసం. బయట జరిగే పనికి కళ్లెం పడాలంటే ఇంకో రెండు అడుగులు కావాలి. ఒకటి.. పొల్యూషన్, ఫిట్‌నెస్ టెస్టుల్లో ఓబీడీ స్కాన్ కూడా చేర్చడం. పరికరం పెద్ద ఖరీదు కాదు, నిమిషాల్లో పని. రెండు.. ఫైల్ అమ్మేవాళ్లు తమ పేరు, మార్చిన వివరాలు రాసి బిల్లు ఇచ్చేలా చూడటం. పంక్చర్ వేసినా బిల్లు అడిగే రోజుల్లో, ఇంజిన్ రాత మార్చినవాడు బిల్లు ఇవ్వకపోవడం ఏంటి?

ఇవేవీ వచ్చేదాకా గండికోట దారిలో సరదాగా వినిపించే ఆ ప్రశ్నను ఎవరికి వారు సీరియస్‌గా వేసుకోవాల్సిందే. ఫైల్ ఎవరిది? బండి ఆగిపోయిన రోజు ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఆ అదనపు పాతిక హార్స్‌పవర్ లేకుండానే గండికోట చేరుకోవచ్చు. పెన్నా లోయ ఎక్కడికీ పోదు.